మంగళవారం మక్లూబా

మా అత్తయ్య ఫోర్కు పక్కన పెట్టేసి, సలాడ్ గిన్నెలోంచి ఒక చిన్న ఆకు రెండు వేళ్ళతో తీసి, లైటు కిందకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దళసరిగా, నున్నగా, బుల్లి చెంచాలా ఉన్న ఆకు. నోట్లో వేసుకుని నమిలింది. "గిది గంగవాయిల కూర గాదు బిడ్డా?" అంది.

అప్పటికి ఆ పాలస్తీనా హోటల్‌కి నేను పది పదిహేనుసార్లు వచ్చి ఉంటాను. ఫత్తూష్ అనే ఆ సలాడ్ వచ్చినప్పుడల్లా తిన్నాను. దోసకాయ, టమాటా, ముల్లంగి, వేయించిన రొట్టె ముక్కలు, పైన సుమాక్ పొడి పులుపు. అందులో ఉన్న ఆకేమిటో ఒక్కసారీ తేరిపార చూడలేదు. తెనాలిలో మా అమ్మ గంగపాయల కూర అని పప్పులో వేసేది ఇదే. నల్గొండ పల్లెలో పెరిగిన అత్తయ్య చేలో కలుపు తీస్తూ కొంగులో పోసుకుని ఇంటికి తెచ్చుకున్నదీ ఇదే. వడ్డించే అమ్మాయిని అడిగితే, "మేం బక్లే అంటాం, ఫర్‌ఫహీనా అనే వాళ్ళూ ఉన్నారు, ఊరిని బట్టి" అంది. అత్తయ్యకి తర్జుమా చేసి చెప్పాను. "మనకాడ గూడ అంతే గద" అని మిగతా ఆకులన్నీ ఏరుకుని తినేసింది.

ఇది న్యూజెర్సీలో, సౌత్ ప్యాటర్‌సన్‌లో జరిగింది. మేముండే పార్సిపనీ నుంచి ఎయిటీ హైవే మీద అరగంట కూడా పట్టదు. మా ఇంటి నుంచి పెద్ద తెలుగు కిరాణా కొట్టుకి పట్టే టైము కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా అమెరికా వచ్చిన మొదటి ఎనిమిదేళ్ళలో ఆ వీధి మొహం చూడలేదు. ఎందుకు చూడలేదన్నదే ఈ పోస్టు.

ముందు ఊరి సంగతి. ప్యాటర్‌సన్ 1790లలో పుట్టిన మిల్లుల ఊరు. పసాయిక్ నది మీది జలపాతం నీటిబలంతో ఫ్యాక్టరీలు నడపాలని అలెగ్జాండర్ హామిల్టన్ వాళ్ళు వేసిన పథకం. తర్వాత పట్టుబట్టలకి ఎంత పేరొచ్చిందంటే, దేశమంతా సిల్క్ సిటీ అనేవాళ్ళు. 1913లో పట్టు కార్మికులు చేసిన సమ్మె అమెరికా కార్మిక చరిత్రలో పెద్దది. ఆ మిల్లుల్లో పనికి సిరియా వైపు నుంచి వచ్చిన అరబ్బులు ఇక్కడ పాతుకుపోయారు, తరవాతి దశాబ్దాల్లో పాలస్తీనా వాళ్ళు వచ్చి చేరారు. ఈ కథ కారులో అత్తయ్యకి చెబితే, "మన పోచంపల్లి లెక్కనా?" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఇప్పుడు పట్టు లేదు. ఆ మెయిన్ స్ట్రీట్‌లో కొంత భాగానికి 2022లో ఊరు అధికారికంగా 'పాలస్తీన్ వే' అని పేరు పెట్టింది. రెండు పక్కలా మిఠాయి కొట్లు, రొట్టెల బేకరీలు, హలాల్ మాంసం దుకాణాలు, మధ్య మధ్యలో హోటళ్ళు. సాయంత్రం పార్కింగ్ దొరకడం నరకం, అది ముందే చెబుతున్నా.

నేను చెప్పే హోటల్ ఆ వీధికి కాస్త పక్కన ఉంటుంది. పేరు రాయను. గొప్పగా దాచడం కాదు. 2023 అక్టోబర్‌లో గాజా యుద్ధం మొదలయ్యాక, ఒక్కసారి కూడా అక్కడ తినని వాళ్ళు వచ్చి ఆన్‌లైన్‌లో ఒంటి నక్షత్రం రేటింగులు గుద్దిపోయారట. నా పోస్టు వల్ల ఇంకో నాలుగు పడటం నాకిష్టం లేదు. పద్నాలుగు బల్లలు, గోడ మీద యాఫా అనే రేవు ఊరి నారింజతోటల పాత ఫోటో, ఎర్రదారంతో కుట్టిన కుట్టుపని ఒకటి ఫ్రేము కట్టి. తత్రీజ్ అంటారు దాన్ని. 2021లో యునెస్కో జాబితాకెక్కిన కళ. ఎత్తు కుర్చీలు ఐదు ఉన్నాయి, రంగు పెన్సిళ్ళ డబ్బా ఉంది, మందు లేదు. మా నాలుగేళ్ళవాడు బల్లల మధ్య పరిగెడుతుంటే ఎవరూ మొహం ముడుచుకోరు. పైగా పక్క బల్ల పెద్దాయన వాణ్ణి ఆపి చేతిలో ఒక ఖర్జూరం పెట్టి పంపిస్తాడు. ఊళ్ళో 'ఫ్యామిలీ రెస్టారెంట్' బోర్డు పెట్టుకున్న చోట్ల మా పిల్లలు చెంచా కింద పడేసినా నలుగురు తలలు తిప్పి చూస్తారు. ఇక్కడ మూడు తరాలవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకేసారి మాట్లాడుకుంటూ ఉంటారు, మనింట్లో లాగే.

ఆ ఎనిమిదేళ్ళూ నేను ఈ రకం తిండి తినలేదనుకోకండి. తెగ తిన్నాను. ఆఫీసు పక్కన గాజు అద్దాల చెయిన్ హోటల్‌లో, 'మెడిటరేనియన్ బౌల్' అనే పేరుతో. శనగల ముద్ద హమ్మస్, శనగల వడ ఫలాఫెల్, నువ్వుల ముద్ద తహీనీ అన్నీ ఆ గిన్నెలో ఉండేవి. మధ్యధరా సముద్రం చుట్టూ ఇరవై పైచిలుకు దేశాలున్నాయి. మొరాకో ఉంది, ఫ్రాన్స్ ఉంది, గ్రీసు ఉంది. ఈ గిన్నె వాటిలో ఏ దేశానిది? ఎవరిదీ కాదు. ఎవరికీ ఇబ్బంది కలగకుండా ఏరుకున్న పేరు అది. సముద్రం ఎవరితోనూ గొడవ పడదు కదా.

మా హోటల్ ఆవిడ 1990లలో మొదలుపెట్టినప్పుడు బోర్డు మీద 'మిడిల్ ఈస్టర్న్' అని రాయించిందట. తర్వాత కొడుకు చేతికొచ్చాక 'పాలస్తీనా వంట' అని మార్చాడు. "మార్చిన నెలలో కొంతమంది రావడం మానేశారు. వంట మాత్రం అదే" అంది నవ్వుతూ. అదే వంట, అదే ఉప్పు, అదే వంటావిడ. మారింది పేరొక్కటే.

ఇదే నా వాదన, ఇందులో మెలిక ఏమీ లేదు. తిండిని దాని ఊరి పేరుతో పిలవాలి. ఈ మాట చెప్పడానికి తెలుగువాళ్ళ కంటే అర్హులు ఎవరున్నారు? ఢిల్లీలో చదువుకున్న మూడేళ్ళూ నన్ను 'మద్రాసీ' అన్నారు. అమెరికాలో 'ఇండియన్ ఫుడ్' అంటే బటర్ చికెన్, నాన్. కొంచెం తెలిసినవాళ్ళు 'సౌత్ ఇండియన్' అంటారు, అంటే దోసె. గోంగూర ఎక్కడ, ఉలవచారు ఎక్కడ? ఈ పదిహేనేళ్ళలో మనవాళ్ళు నదుల పేర్లూ జిల్లాల పేర్లూ బోర్డుల మీద ధైర్యంగా రాసుకుంటుంటే చూసి పొంగిపోయాం. తిరుపతి లడ్డుకి 2009లో, హైదరాబాద్ హలీంకి 2010లో, బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. చక్కెర, నెయ్యి, బియ్యప్పిండి ఎక్కడైనా దొరుకుతాయి, ఆత్రేయపురం ఎక్కడైనా దొరకదు అని ప్రభుత్వం చేత ముద్ర వేయించుకున్న జనం మనం. అలాంటి మనం పక్కవాడి బోర్డు మీద ఊరి పేరు చూసి కారు స్లో చేసి, ఆలోచించి, ముందుకి పోనిస్తే ఏమనాలి?

పాలస్తీనా వంటలో ఊళ్ళ పేర్లు అడుగడుగునా తగులుతాయి. కునాఫా అంటే నాబ్లుస్. ఉప్పుతీసిన మెత్తటి నాబ్లుస్ జున్ను మీద నారింజరంగు పిండి కాల్చి, పాకం పోసి వేడివేడిగా పెడతారు. అక్కావీ జున్నులో ఉన్నది అక్కా అనే రేవు ఊరు. ఖిద్రా అంటే ఖలీల్, అంటే హెబ్రాన్. అన్నం, మాంసం, శనగలు, పొట్టు తియ్యని వెల్లుల్లి రెబ్బలు కుండలో పెట్టి కట్టెల పొయ్యిలో వండుతారు. నారింజ అంటే యాఫా. వంకాయ అంటే బత్తీర్, బెత్లెహేం దగ్గరి మెట్లపొలాల ఊరు, 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఖర్జూరం అంటే అరీహా, మనం జెరికో అనేది. మనం కాకినాడ కాజా, తాపేశ్వరం కాజా అని వాదించుకున్నట్టే నాబ్లుస్ కునాఫా గొప్పా, ఇంకో ఊరి కునాఫా గొప్పా అని ఈ హోటల్లో వాదనలు జరగడం నా చెవులతో విన్నాను. అరబ్బీ రాకపోయినా ఆ వాదన అర్థమైంది. చేతులు చాలు.

తేడా ఒకటుంది, అది చిన్న తేడా కాదు. బందరు లడ్డు తిన్నవాడు కావాలంటే రేపు బస్సెక్కి బందరు వెళ్ళొచ్చు. గోడ మీద నారింజతోటల ఫోటో ఆవిడ మామగారి వాళ్ళ ఊరు దగ్గరిది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఇళ్ళొదిలి వెళ్ళిపోవాల్సి వచ్చిన ఏడు లక్షల పైచిలుకు మందిలో వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మామగారు ఆ తోటని మళ్ళీ చూడలేదు. ఊరి పేరు వంటకానికి అంటుకుని ఉండటం మనకి గర్వం. వాళ్ళకి దాదాపు దస్తావేజు.

ఇంకో దస్తావేజు జాతర్. కొండల్లో పెరిగే వాము వాసన ఆకు, ఎండబెట్టి నువ్వులూ సుమాక్ కలిపి పొడి కొడతారు. రొట్టె మీద నూనెతో రాసుకుని తినే పొడి, మన కారప్పొడి లాగా ఇంటింటికీ ఒక కొలత. ఆ అడవి ఆకుని కోయకూడదని ఇజ్రాయెల్ ప్రభుత్వం 1977లో నిషేధం పెట్టింది, 2005లో అక్కూబ్ అనే ముళ్ళకూరని కూడా ఆ జాబితాలో చేర్చింది. మొక్కల రక్షణ అని వాళ్ళ మాట. తరతరాలుగా ఏరుకుని తిన్నవాళ్ళ మాట వేరు. ఈ మధ్య కొంత సడలించారు. అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "చేన్ల కూర తెంపుకుంటే జుర్మానానా?" అంది. అంతకు మించి నేను చేయగల వ్యాఖ్యానం లేదు.

తెలుగువాళ్ళకి 'అరబ్బు తిండి' అనగానే గుర్తొచ్చేది మండీ. తప్పులేదు, మనకి అది బార్కస్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పని చేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళ పేట అది. బ్యారక్స్ నుంచే బార్కస్ అయింది. హలీం వెనక ఉన్న హరీస్ అనే గోధుమ, మాంసం వంటకం కూడా ఆ దారిలోనే వచ్చింది. కాబట్టి పెద్ద పళ్ళెం, పొడుగు బియ్యం, మీద సగం మేక అనే బొమ్మ మన బుర్రల్లో ఉంది. ఆ బొమ్మతో ఈ హోటల్‌కి వస్తే నిరాశపడతారు. మా ఆయన పడ్డాడు. ఇక్కడ రాజ్యమేలేది ఆలివ్ నూనె, రొట్టె, ఆకుకూర, పప్పు, వంకాయ, పులుపు. ఆలివ్ కోత అక్టోబర్, నవంబర్ నెలల్లో. కొత్తనూనె వచ్చిన సంబరానికి ముసఖ్ఖన్ చేస్తారు. తబూన్ అనే పొయ్యిలో కాల్చిన రొట్టె మీద బండెడు ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో మగ్గించి, ఎర్రగా సుమాక్ కలిపి పరిచి, పైన కోడి పెట్టి కాలుస్తారు. చేత్తో చింపుకుని తినాలి, నూనె మోచేతి దాకా కారాలి. ఫోర్కుతో తింటే ఆవిడకి కోపం.

నా పరంగా మాత్రం గెలిచింది గాజా వంట. పాలస్తీనా అంతటా కారం తక్కువే, గాజా తప్ప. అక్కడ పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, సోయికూర గింజలు మట్టి గిన్నెలో వేసి రోకలితో నూరి వంట మొదలుపెడతారు. మా గుంటూరు వైపు మనిషికి ఇంతకంటే ఏం కావాలి? రుమ్మానియ్యా అని ఒకటుంది. పప్పు, వంకాయ ముక్కలు, పుల్ల దానిమ్మ రసం, పైన వెల్లుల్లి తాలింపు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మా ఆయనా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. చింతపండు బదులు దానిమ్మ పోసిన వంకాయ పప్పు! ఫ్రీకే కూడా అంతే. పచ్చిగోధుమ వెన్నుల్ని మంట మీద కాల్చి, నలిపి, గింజ తీసి ఎండబెడతారు. "ఊసబియ్యం" అంది అత్తయ్య. ఆవిడ చిన్నప్పుడు జొన్నచేలో కంకులు కాల్చి నలుపుకున్న ఊసబియ్యం. ఆ పొగవాసనే, ధాన్యం వేరు.

ఇక మంగళవారం. హోటల్ ఆవిడ మక్లూబా చేసేది ఆరోజే. మక్లూబా అంటే తలకిందులు. వేయించిన వంకాయ, కాలీఫ్లవర్, కోడి లేక మాంసం అడుగున పేర్చి, పైన బియ్యం పోసి వండి, బల్ల దగ్గరికి తెచ్చి పెద్ద పళ్ళెం మీద బోర్లిస్తారు. బోర్లించే ముందు గిన్నె అడుగుని దరువేసినట్టు కొట్టాలి, లేకపోతే అంటుకుపోతుందట. ఆ పని పిల్లలది. మా వాడు ఆ దరువు కోసమే వస్తాడు. గిన్నె ఎత్తగానే గోపురంలా నిలబడితే చుట్టుపక్కల బల్లలవాళ్ళు కూడా చప్పట్లు కొడతారు, పక్కకి ఒరిగితే ఇంకా గట్టిగా కొడతారు. అత్తయ్య మాంసం ముట్టదు కాబట్టి ముందురోజు ఫోన్ చేస్తే చిన్న గిన్నెలో కూరగాయలతో విడిగా వండింది. ఆ చిన్న గిన్నెనీ అంతే హంగుతో తెచ్చి బోర్లించింది.

అలాంటి ఒక మంగళవారమే మా తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒక సంగతి పట్టుకుంది. ఆవిడ కొడుకు గ్రిల్ దగ్గర నుంచి తన చిన్నకూతుర్ని "యల్లా, బాబా" అని పిలిచాడు. యల్లా అంటే పద, బాబా అంటే నాన్న. ఆవిడేమో ముప్ఫై అయిదేళ్ళ కొడుకుని "యమ్మా" అంటోంది. "అమ్మా, ఆ అంకుల్ కూతుర్ని నాన్నా అంటున్నాడేంటి?" అని అడిగింది. నేను ఏదో వివరించబోయాను. అది అడ్డం పడి, "నువ్వు తమ్ముణ్ణి 'రా నాన్నా' అంటావుగా, నాన్న నన్ను 'అమ్మా' అంటాడుగా" అంది. నా నోట మాట రాలేదు. ఇంగ్లీషులో ఈ పిలుపు లేదు. పిల్లలకి తమ పేరే తిరిగిచ్చే ఈ అలవాటు పాలస్తీనా వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది. ఆంటీ, అంకుల్ అన్న గంపగుత్త మాటలతో వాళ్ళకీ పని జరగదు. అమ్మ చెల్లెలైతే ఖాల్తో, నాన్న చెల్లెలైతే అమ్తో, బాబాయి అమ్మో, మేనమామ ఖాలో. మా పిల్లలకి ఆవిడ ఖాల్తో అయింది. అంటే పిన్ని. నాకు మాత్రం ఆవిడ బిన్తీ అంటుంది, 'నా కూతురా' అని. అత్తయ్య 'బిడ్డా' అన్నట్టే.

ఈ కబుర్లన్నీ ఒక ఉగాది పార్టీలో చెబుతుంటే ఒకామె, నాకు బాగా కావలసినామె, గొంతు తగ్గించి "మనకెందుకే ఆ గొడవ?" అంది. గొడవేమిటి? భోజనం చేశానన్నాను. "అలా కాదు, అక్కడికెళ్తే ఒక పక్షం తీసుకున్నట్టు కదా. పిల్లలతో ఎందుకొచ్చిన రిస్కు" అంది. ఆమె చెడ్డది కాదు. జాగ్రత్తపరురాలు. వలసొచ్చిన వాళ్ళమంతా అంతే, ఎవరి కళ్ళలోనూ పడకూడదనుకుంటాం.

కానీ పడకుండా ఉండటం మన చేతుల్లో ఉందా? 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేత్‌లో, పని అయ్యాక బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీరుని ఒకడు కాల్చి చంపాడు. 'నా దేశం నుంచి పొండి' అని అరిచి కాల్చాడు. తర్వాత పారిపోయి ఇంకో ఊళ్ళో, తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు. కాల్చేవాడికి మనకీ వాళ్ళకీ తేడా తెలియదు. 2023 అక్టోబర్‌లో ఇల్లినాయ్‌లో ఆరేళ్ళ పాలస్తీనా పిల్లవాణ్ణి వాళ్ళు అద్దెకున్న ఇంటి యజమానే పొడిచి చంపాడు. మా వాడు ఆ పిల్లాడి కంటే రెండేళ్ళు చిన్న. ఆ వీధికి దూరంగా ఉంటే క్షేమం అనే లెక్క నాకు కుదరడం లేదు. పైగా దాన్ని జాగ్రత్త అనుకుంటూ ఎనిమిదేళ్ళు నేను పోగొట్టుకున్నది రుమ్మానియ్యా.

ఇక రెండో రకం వాళ్ళ సంగతి. వీళ్ళతో నాకు ఇంకా ఎక్కువ పేచీ. జాలితో వచ్చేవాళ్ళు. యుద్ధం మొదలైన నెలల్లో ఈ హోటల్ బయట వరస కట్టారట. లోపలికొచ్చి ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, కునాఫా ఫోటో తీసుకుని, దాని కింద నాలుగు హృదయాలు పెట్టి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. "మంచివాళ్ళే. కానీ ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు" అంది ఆవిడ. ఎంత పెద్ద ఫిర్యాదో చూడండి. వంటమనిషిని బాధితురాలిగా మాత్రమే చూసి, పళ్ళెం ఖాళీ చేసి వెళ్ళిపోవడం కూడా ఒక రకం అవమానమే. హోటల్ సంతాపసభ కాదు. శనివారం రద్దీ మీద కాదు, వాన పడే మంగళవారం వచ్చే నాలుగు కుటుంబాల మీద నడుస్తుంది.

కాబట్టి లోపాలు కూడా చెప్పాలి. షవర్మా ఎండిపోయి ఉంటుంది, అది వాళ్ళ బలం కాదు, తెప్పించుకోకండి. కునాఫా పాకం నాకు మరీ తీపి, ఇది ఆవిడకే చెప్పాను, "నువ్వు నాబ్లుస్‌లో పుట్టలేదు" అని కొట్టిపారేసింది. శుక్రవారం రాత్రి వెళ్తే ఆర్డరు బల్ల మీదకి రావడానికి ముప్పావుగంట. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ అయితే అసలు చోటే దొరకదు. శాకాహారులు అడిగి తినాలి. పప్పూ అన్నం కలిపి వేయించిన ఉల్లిపాయలు చల్లే ముజద్దరా, ఉడికించిన పెద్ద చిక్కుడు గింజల ఫూల్, కాల్చి మెదిపిన వంకాయ ముత్తబ్బల్, జాతర్ రొట్టె నిశ్చింతగా తినొచ్చు. ఫ్రీకే సూప్ మామూలుగా కోడి నీళ్ళతో చేస్తారు. ద్రాక్షాకు చుట్టల్లో చల్లగా వడ్డించేవి శాకం, వేడివి మాంసం అయ్యే అవకాశం ఎక్కువ. ములూఖియ్యా జనపనార జాతి ఆకు, ఉడికితే బచ్చలికూర కంటే జిగురు, దాదాపు ఎప్పుడూ కోడితోనే. ఫలాఫెల్ మన మసాలా వడకి చుట్టమే, నానబెట్టిన శనగల్ని ఉడికించకుండా రుబ్బి వేస్తారు, కానీ ఇదే నూనెలో ఇంకేం వేయించారో అడగండి. అత్తయ్య కోసం నేనడిగితే ఆవిడ విసుక్కోలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి మూకుడు చూపించింది.

ఆ వంటింట్లోనే చిన్న టీవీ ఒకటుంది. శబ్దం తీసేసి ఉంటుంది. 2025 ఆగస్టు 22న, ఆహార భద్రతని అంచనా కట్టే అంతర్జాతీయ వ్యవస్థ ఐపీసీ, గాజా నగరం ఉన్న జిల్లా అయిన గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొందని ధ్రువీకరించింది. ఆ వారం మేము వెళ్ళినప్పుడు టీవీలో అవే దృశ్యాలు. కింద ఆవిడ పొయ్యి మీద పదిమందికి సరిపడా అన్నం. మా పిల్లలు లోపలికి పరిగెత్తుకు రాగానే ఒక చేత్తో గరిటె తిప్పుతూనే రెండో చేత్తో రిమోట్ తీసుకుని కార్టూన్ పెట్టింది. నేను ఏమీ అనలేదు. ఆవిడా అనలేదు. ఆరోజు గాజా వంటకాలేవీ చేయలేదు, అడిగితే "చేతులు రాలేదు" అంది. నేను బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ముజద్దరాలో ఉప్పు కాస్త ఎక్కువైంది. వెళ్ళేటప్పుడు చెప్పాను. తల ఊపి, "అవును, నాకూ తెలిసింది" అంది.

అత్తయ్య తిరుగు ప్రయాణానికి ముందు వారం మా పెరట్లో గంగవాయిలి బాగా వచ్చింది. ఎవరూ విత్తకపోయినా ఇటుకల సందుల్లోంచి వస్తుంది అది. అత్తయ్య పెసరపప్పులో వేసి వండి, ఎండుమిర్చి తాలింపు పెట్టి, ఇండియా నుంచి తెచ్చిన స్టీలు డబ్బాలో పోసి, "ఆమెకిద్దాం పద" అంది. బక్లేని పప్పులో ఉడికించడం ఆవిడ ఎప్పుడూ చూడలేదట. నిలబడే రొట్టె ముంచుకుని తిని, కొడుకుని పిలిచి తినిపించి, కారానికి దగ్గి, మళ్ళీ ముంచుకుంది. ఇద్దరు ముసలమ్మలు నా సాయం లేకుండానే చేతులతో మాట్లాడుకున్నారు. నాకు అర్థమైనంతలో తాలింపు గురించి.

వారం తర్వాత ఆవిడ ఒక గాజు సీసా పంపింది. మక్దూస్. బుల్లి వంకాయలు ఉడికించి, ఉప్పు పెట్టి నీరు పోయేదాకా ఒత్తి, అక్రోటు, ఎర్ర మిరప, వెల్లుల్లి కూరి ఆలివ్ నూనెలో ఊరేసినవి. అత్తయ్య సీసా ఎత్తి చూసి, "గుత్తొంకాయను తొక్కు పెట్టిండ్రా!" అని ఆశ్చర్యపోయింది. రెండు తిని, మిగతావి ఇండియాకి తీసుకుపోతానంది. నూనె కారుతుందని మా ఆయన వద్దన్నాడు. ప్లాస్టిక్ కవర్లు నాలుగు చుట్టి, చీరల మధ్య పెట్టుకుని తీసుకుపోయింది. నల్గొండలో ఎవరెవరు తిన్నారో, ఏమన్నారో ఫోన్లో పేరు పేరునా చెప్పింది.

మా స్టీలు డబ్బా ఇంకా హోటల్లోనే ఉంది. ఖాళీగా ఇవ్వకూడదని ఆపిందట. ఈ మంగళవారం వచ్చి తీసుకెళ్ళమంది.